రెండు గేర్ల రాజసం: జిల్-111

మాస్కో రెడ్ స్క్వేర్ సైనిక పరేడ్ పాత వీడియోలు చూసిన ఓ ఇంజనీరింగ్ విద్యార్థి అడిగాడు: "రక్షణ మంత్రి ఓపెన్ కారులో నిలబడి ఒక్కో దళం ముందు ఆగుతాడు, మళ్లీ కదులుతాడు. తూలిపడడేంటి సార్?" ఎంత మంచి ప్రశ్న!

1945 విజయోత్సవ పరేడ్‌లో మార్షల్ జుకోవ్ తెల్లగుర్రం మీద వచ్చాడు. తర్వాత కార్లొచ్చాయి. మొదటి తరం సోవియట్ అధికారిక కారు జిస్-110లో గేర్లు చేత్తో మార్చాలి. క్లచ్ మీద కాలు కాస్త తడబడితే చాలు, వెనక నిలబడ్డ మనిషి ఊగిపోతాడు. 1958లో మాస్కో లిఖచోవ్ ఫ్యాక్టరీ జిల్-111 అనే లిమోజిన్ తెచ్చింది. 6 లీటర్ల వి-8 ఇంజను, 200 హార్స్‌పవర్, రెండున్నర టన్నుల పైచిలుకు బరువు. 1961 ఏప్రిల్‌లో గగారిన్‌ను మాస్కోలో ఊరేగించింది దీని ఓపెన్ మోడల్‌లోనే. క్రోమ్ తళుకుల సంగతి అలా ఉంచుదాం. నాకు ప్రాణం ఇంజనుకీ గేర్లకీ మధ్య ఉన్న టార్క్ కన్వర్టర్, అంటే ఇంజను తిప్పే బలాన్ని (టార్క్) నూనె ద్వారా గేర్లకు అందించే భాగం.

గిన్నెలో నీళ్లు పోసి గరిటతో గుండ్రంగా తిప్పండి. రెండో చేతి వేలు అందులో ముంచండి. మెల్లగా తిప్పితే వేలు కదలకుండా ఆపుకోవచ్చు. జోరుగా తిప్పితే నీళ్లే తోసేస్తాయి. గరిట ఇంజను వైపు పంపు, వేలు చక్రాల వైపు టర్బైన్, నీళ్ల బదులు నూనె. పైగా ఈ తోపు వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది: 500 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) నుంచి 1000కి వెళ్తే నాలుగు రెట్లు, 2000కి పదహారు రెట్లు. అందుకే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను ఐడిల్‌లో ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే కారు ఆగుతుంది, వదిలితే నెమ్మదిగా పాకుతుంది. ఇంజను కుదుపుల్ని నూనె మింగేస్తుంది.

క్లాసుల్లో చాలాసార్లు పాఠం ఇక్కడితో ఆపేస్తారు. అదే నా బాధ. అసలు ప్రతిభ స్టేటర్‌ది. టర్బైన్‌ను తోసి తిరిగొచ్చే నూనె పంపుకి ఎదురు తిరుగుతుంది. మధ్యలో బిగించిన స్టేటర్ రెక్కలు దాని దిశ మళ్లించి పంపుకి సాయంగా పంపుతాయి. ఆ ప్రతిచర్య వల్ల, కారు కదలబోయే క్షణంలో టర్బైన్‌కు ఇంజను టార్క్‌కి రెట్టింపు దాకా అందుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ లాభం మెట్లు లేకుండా జారుతూ ఒక రెట్టుకి, అంటే ఇంజను టార్క్ ఎంతో అంతకే, దిగుతుంది. అప్పుడు నూనె రెక్కల వెనక నుంచి తగులుతుంది, ఒక్క దిశలోనే తిరగనిచ్చే వన్‌-వే క్లచ్ స్టేటర్‌ను వదిలేస్తుంది, అదీ తిరగడం మొదలెడుతుంది.

ఇంత పని నూనె చేస్తుంది కాబట్టే జిల్-111కి ముందుకు రెండే గేర్లు సరిపోయాయి, అవీ డాష్‌బోర్డు మీది బటన్లతో. దీనికి చెల్లించే మూల్యం వేడి. పంపుకీ టర్బైన్‌కీ వేగంలో తేడా ఉన్నంతసేపూ ఇంజను శక్తిలో కొంత నూనెను కాచడానికే పోతుంది, నడక వేగంతో సాగే పరేడ్‌లో మరీ ఎక్కువగా.