దవడకు బోటాక్స్: అపోహలు - వాస్తవాలు

పళ్లు గట్టిగా బిగించి, చెంప మీద దవడ మూల దగ్గర వేలు పెట్టి చూడండి. ఉబ్బి గట్టిగా తగిలేదే మాసెటర్ అనే నమిలే కండరం. రాత్రిళ్లు పళ్లు కొరికేవాళ్లకీ, ముఖం సన్నబడాలనుకునేవాళ్లకీ బోటాక్స్ వేసేది ఇందులోనే.

అపోహ: ఆ మందు కండరాన్ని చంపేస్తుంది.

అసలు కండరం జోలికే వెళ్లదు. నరం కొసలో ఉండే స్నాప్-25 అనే ప్రోటీన్‌ను తెంపుతుంది. దాంతో కబురు మోసే రసాయనం అసిటైల్‌కోలిన్ బయటికి రాదు, 'బిగుసుకో' అన్న కబురు కండరానికి చేరదు. కబురు రాని కండరం మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉండదు. ప్రోటీన్ తయారయ్యే దానికన్నా కరిగేది ఎక్కువై కండరం పోగులు సన్నబడతాయి. అంతవరకు నరం ఆనే చోటే గుంపుగా ఉండే అసిటైల్‌కోలిన్ రిసెప్టర్లు (ఆ కబురు అందుకునేవి) పోగు పొడవునా పుట్టుకొస్తాయి, ఏ మూల నుంచైనా కబురు రాకపోతుందా అన్నట్టు. నరం కూడా పక్క నుంచి కొత్త మొలకలు వేస్తుంది. 3, 4 నెలల్లో బలం చాలావరకు తిరిగొస్తుంది.

ఇందుకే ముందు బలం పోతుంది, తర్వాతే సైజు తగ్గుతుంది. వారం పది రోజులకే "చెగోడీ నమలలేకపోతున్నా డాక్టర్" అంటారు. అద్దంలో తేడా కనబడాలంటే మాత్రం కొన్ని వారాలు ఆగాలి.

అపోహ: ఇక అన్నం కూడా నమలలేం.

నమిలే కండరాలు నాలుగు జతలు. అన్నం, పప్పుకి ఢోకా లేదు. కాకపోతే మాసెటర్ వదిలేసిన పని కొంత కణత దగ్గరి టెంపొరాలిస్ మీద పడుతుంది. కణతలు లాగుతున్నాయని కొందరు వచ్చేది అందుకే.

అపోహ: మూతి వంకరపోయే జబ్బూ ఇదీ ఒకటే.

కాదు. ఆ జబ్బు వచ్చేది మెదడు నుంచి ముఖానికొచ్చే ఏడో కపాల నరానికి, నమిలే కండరాలను నడిపేది ఐదోది. అయితే మందు నవ్వే కండరానికి పాకితే నవ్వు కొన్నాళ్లు వంకరవుతుంది. అది చాలాసార్లు సూది వేసిన చేతి లోపమే.

అపోహ: పళ్లు కొరకడం మానిపోతుంది.

కొరకమనేది మెదడు. ఇంజెక్షన్ తగ్గించేది ముఖ్యంగా కొరుకుడు బలాన్నే. రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు, అదే నైట్ గార్డ్, అటక మీద పెట్టేయకండి. (కడుపులో నులిపురుగులుంటేనే కొరుకుతారన్నదీ అపోహే, దాని సంగతి ఇంకోసారి.)

అపోహ: ఎన్నిసార్లు వేయించుకున్నా ఫర్వాలేదు.

ఇక్కడ నాకు కాస్త టెన్షన్. కుందేళ్ల మాసెటర్‌ను ఇదే మందుతో పనిచేయకుండా చేసినప్పుడు దవడ కీలు దగ్గర ఎముక పలచబడింది. లాగే కండరం లేకపోతే ఎముకా తగ్గుతుంది. మనుషుల్లోనూ అచ్చం అలాగే అవుతుందని అనను. కానీ నాలుగు నెలలకోసారి అలవాటుగా వేయడం నాకు ఇష్టం లేదు. మళ్లీ వచ్చినవాళ్లని ముందు పళ్లు బిగించమంటాను. వేలికి ఆ ఉబ్బు గట్టిగా తగలకపోతే ఇంటికి పంపేస్తాను.