సీనియర్ టీచర్లు, డిజిటల్ బోర్డు: అపోహలు - వాస్తవాలు

అపోహ: పాతికేళ్ల సర్వీసు దాటాక టెక్నాలజీ బుర్రకెక్కదు.

వాస్తవం: ఎక్కనిది నేర్పే తీరు వల్ల. ఒక్క ప్యానెల్ (డిజిటల్ బోర్డు) ముందు యాభై మందిని కూర్చోబెట్టి పూటంతా మెనూలు చూపిస్తే, ఏ వయసువాళ్లకైనా ఇంటికెళ్లేసరికి ఏమీ గుర్తుండదు. సీనియర్లకు పాఠం వైపు నుంచి దారి చూపాలి.

పదో తరగతి బహుపదులే తీసుకోండి. గ్రాఫులు గీసి చూపే జియోజీబ్రా సాఫ్ట్‌వేర్‌లో వర్గ బహుపదిని అక్షర గుణకాలతో (ax² + bx + c లాగా) టైపు చేస్తే ఒక్కో గుణకానికీ ఒక స్లైడర్, అంటే విలువను జరిపి మార్చే మీట, వస్తుంది. మామూలుగా అది -5 నుంచి 5 దాకా కదులుతుంది. ఎక్స్² గుణకాన్ని 1 నుంచి మెల్లగా తగ్గించండి. పరావలయం విచ్చుకుంటూ పోయి, సున్నా దగ్గర సరళరేఖ అయిపోతుంది. రుణ విలువల్లోకి వెళ్లగానే బోర్లా తిరుగుతుంది. ఆ సున్నా దగ్గర వేలు ఆపి, "ఇప్పుడిది వర్గ బహుపదేనా?" అని అడగాలని ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. "గుణకం సున్నా కాకూడదు" అన్న షరతును పిల్లలు ఏటా వదిలేయడం చూసిన టీచరుకే అది తడుతుంది. డిజిటల్ పాఠానికి ప్రాణం ఆ అనుభవమే.

అపోహ: ల్యాప్‌టాప్ కలిపాక బొమ్మ వచ్చి టచ్ పనిచేయకపోతే ప్యానెల్ పాడైనట్టే.

వాస్తవం: చాలాసార్లు ఒక కేబుల్ తక్కువైందంతే. హెచ్‌డీఎంఐ కేబుల్ మోసుకెళ్లేది బొమ్మ, శబ్దం మాత్రమే. వేలి కదలిక ల్యాప్‌టాప్‌కు చేరాలంటే విడిగా యూఎస్‌బీ కేబుల్ కావాలి. దాన్ని ప్యానెల్‌పై 'టచ్' అని రాసి ఉన్న పోర్టులో పెట్టాలి. రెండేసి పోర్టులుంటే జత తప్పకూడదు: హెచ్‌డీఎంఐ 1కి టచ్ 1.

అపోహ: ఇంట్లో చక్కగా కనిపించిన తెలుగు ప్రశ్నపత్రం బడి కంప్యూటర్లో పిచ్చి గీతలుగా మారితే, టైపు చేసినవాళ్లదే తప్పు.

వాస్తవం: అది తెలుగు టైపింగ్‌కు వాడే పాత 'అను' ఫాంట్ల సమస్య. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌కు అవి తెలుగు అక్షరాలని తెలియదు. ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లో టైపు చేయండి, లేదా పీడీఎఫ్ చేసి పంపండి.

అపోహ: పక్కన కొత్త టీచరుంటే చాలు, నేర్చుకోనక్కర్లేదు.

వాస్తవం: సాయం చేసేవాళ్లు మౌస్ లాక్కున్నంతకాలం సీనియర్ ప్రేక్షకుడే. సీనియర్ టీచరు బటన్ వెతుక్కోవడానికి నిమిషం పట్టినా సరే, నోటితోనే చెప్పండి. 'ఎ' సెక్షన్‌లో చెప్పిన పాఠాన్నే రెండు మూడు రోజుల్లో 'బి' సెక్షన్‌లో మళ్లీ చెప్పనివ్వండి. మొదటిసారి తడబడ్డ చోట రెండోసారి వేలు తనంతట తానే వెళ్తుంది.