కేబుల్ కొనే ముందు ఒక్క మాట

ప్రియమైన పిల్లలకు,

సెట్-టాప్ బాక్స్‌లో వచ్చే ప్రోగ్రామ్‌ని ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసుకోవడం ఎలా అని అడిగారు. బాక్స్ వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది, ల్యాప్‌టాప్ పక్కనా అదే ఉంది, మధ్యలో ఒక కేబుల్ పెడితే చాలదా అని మీ సందేహం. చాలదర్రా. ఎందుకు చాలదో తెలిస్తే మిగతాది మీరే పోల్చుకోగలరు, అందుకే అక్కణ్ణుంచి మొదలుపెడతాను.

బాక్స్ మీదున్న హెచ్‌డీఎంఐ పోర్టు బొమ్మను బయటికి పంపడానికి. ల్యాప్‌టాప్ మీదున్నది కూడా, దాదాపు అన్నింటిలోనూ, బయటికి పంపడానికే. ల్యాప్‌టాప్ తెరని టీవీలోనో ప్రొజెక్టర్ మీదో చూసుకోవడం దాని పని. ఆ రెండింటినీ కలపడమంటే ఇద్దరు వాగుడుకాయల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టడమే, వినేవాడు ఉండడు. ఏదీ కాలిపోదు, పాడైపోదు. ఊరికే ఏమీ రాదంతే.

పోనీ డిష్ నుంచి వచ్చే కేబుల్‌నే తెచ్చి ల్యాప్‌టాప్‌కి తగిలిద్దామంటారా? దానికి సరిపోయే పోర్టే ల్యాప్‌టాప్‌కి ఉండదు. పైగా ఆ కేబుల్లో కరెంటు కూడా పోతుంది. 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్‌ని డిష్ ముందున్న ఎల్‌ఎన్‌బీ అందుకుని, కేబుల్లో ప్రయాణించగలిగే తక్కువ ఫ్రీక్వెన్సీకి దించుతుంది. ఆ పని చేయడానికి దానికి కావలసిన కరెంటు బాక్స్ నుంచే వెళుతుంది, అదే కేబుల్ మీద, 13 వోల్టులో 18 వోల్టులో. ఎన్ని వోల్టులు పంపిందన్నదాన్ని బట్టి ఎల్‌ఎన్‌బీ ఏ రకం సిగ్నల్‌ని అందుకోవాలో తెలుసుకుంటుంది. ఇదంతా చేసే యూఎస్‌బీ ట్యూనర్లు విడిగా ఉన్నాయి. డీవీబీ-ఎస్2 (ఉపగ్రహ టీవీ ప్రసార పద్ధతి పేరు) అని రాసి ఉన్నది చూసి తీసుకుంటే డిష్ కేబుల్ దానికి, అది ల్యాప్‌టాప్‌కి. ప్రసారమైన డేటా ఉన్నదున్నట్టు ఫైల్లోకి వస్తుంది, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. కానీ ఉచిత చానళ్లు మాత్రమే వస్తాయి. డబ్బు కట్టి చూసే చానళ్లను విప్పే కార్డు మీ బాక్స్ దగ్గరే ఉంటుంది కదా.

అందుకని చాలామంది బాక్స్ నుంచే పట్టుకుంటారు. దానికి కావలసింది కాప్చర్ కార్డు. ఒక చివర బాక్స్ నుంచి బొమ్మను తీసుకుని, రెండో చివర యూఎస్‌బీ ద్వారా ల్యాప్‌టాప్‌కి వెబ్‌కామ్‌లాగా కనిపిస్తుంది. ఇందులో హెచ్‌డీఎంఐ తీసుకునేవి, పాతకాలపు పసుపు-ఎరుపు-తెలుపు పిన్నులు తీసుకునేవి ఉన్నాయి.

హెచ్‌డీఎంఐ అనగానే ఆశ పుడుతుంది, అక్కడే చిక్కు కూడా. హెచ్‌డీసీపీ అని ఇంటెల్ తయారుచేసిన రక్షణ ఒకటి ఉంది. బొమ్మ పంపేముందు బాక్స్ అవతల ఉన్న పరికరం ఎలాంటిదో తేల్చుకుంటుంది. టీవీ అయితే సరే. రికార్డు చేసే పరికరమైతే నల్ల తెర, లేదా ఒక హెచ్చరిక. మెనూ బాగా కనిపించి, చానల్ పెట్టగానే నల్లబడిందంటే కార్డు పాడైందని తిప్పి పంపకండి, అది ఈ రక్షణ పనే. దాన్ని తప్పించే పరికరాలు దొరుకుతాయని ఎవరైనా చెబితే వినొద్దు. చాలా దేశాల్లో చట్టం దానికి ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను.

పసుపు పిన్ను దారిలో హెచ్‌డీసీపీ ఉండదు. బొమ్మ మాత్రం హెచ్‌డీ కాదు, పాల్ అనే మన పాత టీవీ పద్ధతిలో 720×576 చుక్కలు, అంతే. పాత నాటకమో కచేరీయో దాచుకోవడానికి నన్నడిగితే అది చాలు. కొన్ని బాక్సులకు మూడు పిన్నుల బదులు ఇయర్‌ఫోన్ రంధ్రం లాంటిది ఒక్కటే ఉంటుంది, దానికి ఒకవైపు మూడు రంగులుగా చీలే కేబుల్ కావాలి. ఈ కేబుళ్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపల తీగల వరస వేరుగా ఉంటుంది. పసుపులో బొమ్మ రాక, శబ్దం బుర్రుమంటుంటే, ఎరుపు పిన్నుని పసుపు చోట పెట్టి చూడండి. చాలాసార్లు అక్కడ బొమ్మ దొరుకుతుంది. బొమ్మ నలుపు-తెలుపులో వచ్చినా, పైకీ కిందికీ దొర్లుతున్నా, సాఫ్ట్‌వేర్‌లో పాల్ బదులు ఎన్‌టీఎస్‌సీ (అమెరికా వాళ్ల పాత టీవీ పద్ధతి) ఉందేమో చూసుకోండి.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టక్కర్లేదు. ఓబీఎస్ స్టూడియో ఉచితం. సోర్సుల్లో వీడియో కాప్చర్ డివైస్ అని ఎంచుకుంటే బొమ్మ వస్తుంది. శబ్దాన్ని ల్యాప్‌టాప్ చాలాసార్లు వేరే మైకులాగా చూస్తుంది, దాన్ని విడిగా ఎంచుకోవాలి. బొమ్మ వచ్చింది కదా అని మూడు గంటలు రికార్డు చేసి, తీరా చూస్తే మూగ సినిమా. కాబట్టి ముందు రెండు నిమిషాలు చేసి, ఆడించి, విని, అప్పుడు అసలుది మొదలుపెట్టండి. ఫైల్ ఎంకేవీగా ఉంచండి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా వచ్చింది మిగులుతుంది, మామూలు ఎంపీ4 అయితే మొత్తం ఫైలే తెరుచుకోకపోవచ్చు.

లెక్క కూడా చూసుకోండి. రికార్డింగ్‌కి సెకనుకు 8 మెగాబిట్లు పెట్టుకుంటే అది సెకనుకు ఒక మెగాబైటు, గంటకు 3.6 జీబీ. హార్డ్‌డిస్క్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే ఒక్క ఫైల్ 4 జీబీ దాటనివ్వదు, అంటే రెండు గంటల ప్రోగ్రామ్ మధ్యలోనే తెగిపోతుంది. డిస్క్‌ని ముందే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌కి మార్చుకోండి, అయితే అలా మార్చేటప్పుడు అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, కావలసినవి వేరేచోట దాచాకే ఆ పని.

ఇంకొన్ని చిన్న విషయాలు. కార్డు బాక్స్ తెరనే పట్టుకుంటుంది కనుక మీరు చానల్ మారిస్తే రికార్డూ మారిపోతుంది, వాల్యూమ్ గీత కనిపిస్తే అది కూడా ఎక్కుతుంది. ల్యాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చి చార్జర్ పెట్టండి. బాక్స్ కూడా రిమోట్ నొక్కకపోతే కొన్ని గంటల తర్వాత తనంతట తానే స్టాండ్‌బైకి పోవచ్చు, ఆ సెట్టింగ్ దాని మెనూలోనే ఉంటుంది. ఇంతా చేసేముందు, పెన్‌డ్రైవ్ పెడితే మీ బాక్సే రికార్డు చేసే సౌకర్యం ఉందేమో చూసుకోండి, ఉంటే టెన్షన్ లేదు. కాకపోతే ఆ పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు చాలా బాక్సుల్లో ఆ బాక్స్‌లోనే ఆడతాయి, ల్యాప్‌టాప్‌లో తెరుచుకోవు.

చూసేటప్పుడు కదిలే బొమ్మల అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే కంగారు పడకండి. టీవీ బొమ్మ ఒక వరస వదిలి ఒక వరసగా రెండు విడతల్లో వస్తుంది, ల్యాప్‌టాప్ రెండింటినీ కలిపి చూపించడం వల్ల వచ్చినవవి. ఓబీఎస్‌లో ఆ సోర్స్ మీద రైట్ క్లిక్ చేసి డీఇంటర్లేసింగ్ పెట్టండి, పోతాయి.

ఉంటాను,
మీ తాతయ్య