మాటల కంటే ముందు చూడాల్సినవి

రెండేళ్లు దాటినా బాబుకి మాటలు రాకపోతే మన ఇళ్లలో మొట్టమొదట గుర్తొచ్చేది వస. గలగలా మాట్లాడే పిల్లని వసపిట్ట అంటాం కదా, అందుకని వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించమని పెద్దవాళ్లు ప్రేమగానే చెప్తారు. దయచేసి వద్దు. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది, ఎలుకల్లో అది క్యాన్సర్ కలిగిస్తోందని తేలాక అమెరికా 1968లోనే వసని ఆహారంలో వాడకూడదని నిషేధించింది. ఏడాది నిండని పిల్లలకి తేనె కూడా ప్రమాదమే.

తర్వాత వచ్చే సలహా, "వాళ్ల నాన్న కూడా నాలుగేళ్లకి గానీ మాట్లాడలేదు, కంగారు పడకండి". ఇందులో కొంత నిజం ఉంది, ఆలస్యంగా మొదలుపెట్టి తర్వాత తోటివాళ్లని అందుకునే పిల్లలు చాలామందే ఉంటారు. చిక్కల్లా ఏంటంటే రెండేళ్ల పిల్లాణ్ణి చూసి, వీడు తనంతట తనే అందుకుంటాడా, సాయం కావాలా అన్నది ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. పైగా ఇలాంటి ఇబ్బందులు కుటుంబాల్లో ఒకరి నుంచి ఒకరికి వస్తుంటాయి కాబట్టి, నాన్నకీ ఆలస్యమైందంటే ఇంకాస్త ముందుగా చూపించుకోవాలి. రెండేళ్లకి సుమారు 50 మాటలు, "అమ్మా దా", "ఇంక పాలు" లాంటి జంట మాటలు రావాలి. రాకపోతే ఆగొద్దు.

అన్నిటికంటే ముందు చెవులు చూపించండి. "తలుపు చప్పుడైతే తిరుగుతాడు, వాడికి బాగానే వినిపిస్తుంది" అని చాలామంది ఈ పరీక్షని దాటేస్తారు. తలుపు చప్పుడు బరువైన శబ్దం, అది వినిపించినా స, ష లాంటి సన్నటి శబ్దాలు వినిపించకపోవచ్చు, జలుబు తగ్గాక చెవిపొర వెనక నీరు నిలిచిపోయినా మాటలు మసకమసకగా వినిపిస్తాయి. ఓఏఈ, బెరా అనే పరీక్షలకి పిల్లాడు ఏమీ చెప్పక్కర్లేదు, పడుకుని ఉండగానే చేసేస్తారు. నిజానికి పుట్టిన నెలలోపు ఒకసారి వినికిడి పరీక్ష చేయించి, తేడా ఉంటే మూడు నెలల్లోపు నిర్ధారించి, ఆరు నెలల్లోపు చికిత్స మొదలుపెట్టాలన్నది నిపుణులు చెప్పే లెక్క.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. మాటలు రాకముందే పిల్లలు మనతో చాలా చెప్తుంటారు, మాటల లెక్కలో పడి దాన్ని మనం గమనించం. ఫ్రిజ్ మీద అరటిపళ్లున్నాయనుకోండి. ఒక పిల్లాడు వేలు పెట్టి చూపించి, వెంటనే అమ్మ మొహంలోకి చూసి "ఊ, ఊ" అంటాడు, అమ్మ అటు చూసిందో లేదో మళ్లీ సరిచూసుకుంటాడు. ఇంకో పిల్లాడు అమ్మ మణికట్టు పట్టుకుని లాక్కెళ్లి ఆ చేతిని పైకి తోస్తాడు, మొహం వైపు మాత్రం చూడడు. ఇద్దరికీ ఒక్క మాట కూడా రాదు. కానీ మొదటివాడికి తన మనసులో ఉన్నది ఎదుటి మనిషి మనసులోకి పంపించొచ్చని తెలుసు, భాషంతా దాని మీదే నిలబడుతుంది. రెండోవాడూ అడుగుతున్నాడు, తనకి తెలిసిన దారిలో, కాకపోతే వాడికి ఇలా వస్తువునీ ఎదుటి మనిషినీ కలిపి చూడడం దగ్గర్నుంచి సాయం కావాలి. ఏడాదిన్నర నిండినా వేలు పెట్టి చూపించకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం ఆటిజంలో తరచుగా కనిపిస్తాయి. అంతమాత్రాన ఆటిజమే అని మీరే తేల్చేసుకోకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి.

ఇంట్లో మనం ఏం చేస్తాం? పరీక్ష పెడతాం. "ఇదేంటి? అదేంటి? ఆవు అను, ఆంటీకి వినిపించు." మాట రాని పిల్లాడికి ఇది రోజంతా వైవా, కొన్నాళ్లకి వాడు మొహం తిప్పేసుకుంటాడు. దానికి బదులు వాడి పక్కనే నేల మీద కూర్చుని, వాడు కారు చక్రం తిప్పుతుంటే మీరూ ఆ చక్రాన్నే చూసి "తిరుగుతోంది... ఆగింది!" అనండి, అని ఆగండి, నిజంగా ఆగండి, మనసులో పది అంకెలు లెక్కపెట్టుకునేంత సేపు. వాడు మీ వైపు చూసినా, చిన్న శబ్దం చేసినా అది వాడి వంతు కింద లెక్క, దానికి జవాబివ్వండి. రేచెల్ రోమియో, ఆమె తోటి పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, 4 నుంచి 6 ఏళ్ల పిల్లల ఇళ్లలో రోజంతా మాటలు రికార్డు చేసి, వాళ్ల మెదడు స్కాన్‌లతో పోల్చి చూశారు. పెద్దవాళ్లు మొత్తం ఎన్ని మాటలు మాట్లాడారన్న దానికంటే, మాట ఎన్నిసార్లు అటూ ఇటూ నడిచిందన్నదే మెదడులోని భాషా భాగం పనితీరుతో ముడిపడి కనిపించింది. ఆ పిల్లలకి మాటల సమస్యేమీ లేదు, అయినా ఫోన్‌లో రైమ్స్ పెట్టి వదిలేస్తే ఎందుకు చాలదో దీన్నిబట్టి అర్థమవుతుంది, ఫోన్ మన వంతు కోసం ఆగదు కదా.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్లకీ, ఇక్కడ ఇంగ్లిష్ మీడియం టెన్షన్‌లో ఉన్నవాళ్లకీ ఒక మాట. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు. తెలుగు మానేయమని ఎవరైనా చెప్తే వినకండి, అమ్మమ్మతో మాట్లాడే భాష తీసేస్తే ఆ పిల్లాడికి కబుర్లు చెప్పే మనుషులే తగ్గిపోతారు. మాటలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం రెండు భాషలవీ కలిపి లెక్కపెట్టండి.

మాటలు వచ్చాక కూడా కొందరి ఇబ్బంది తీరదు, అది ఎవరికీ కనిపించదు. టీచర్ "పుస్తకం తీసి, 32వ పేజీలో రెండో లెక్క చేశాక నాకు తెచ్చి చూపించేముందు పక్కవాడితో సరిచూసుకో" అంటుంది. ఒక పాప పుస్తకం తీసి, పక్కవాళ్లు ఏం చేస్తున్నారా అని చూస్తూ కూర్చుంటుంది. మొండి, పరధ్యానం, చదువు మీద శ్రద్ధ లేదు అని డైరీలో రాస్తారు. ఆ పాపకి డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ ఉండొచ్చు. తెలివికి లోటు లేదు, చెవులు బాగానే ఉన్నాయి, భాషని పట్టుకోవడమే కష్టం. 2016లో ఇంగ్లండ్‌లోని సర్రేలో చేసిన పెద్ద సర్వేలో బడిలో చేరిన పిల్లల్లో సుమారు 7.5 శాతం మందికి, వేరే కారణమేదీ లేకుండానే, ఇలాంటి ఇబ్బంది ఉందని తేలింది. ఆ లెక్కన 40 మంది క్లాసులో ముగ్గురు. తెలుగులో ఏది ముందు, ఏది తర్వాత అన్నది "చేశాక", "చేసేముందు" అని క్రియ చివర చిన్న ముక్కలో ఉంటుంది, ఆ ముక్క జారిపోతే వాక్యమంతా తలకిందులు. కాబట్టి విడగొట్టి చెప్పండి. "పుస్తకం తియ్యి." ఆగండి. "రెండో లెక్క చెయ్యి." బోర్డు మీద కూడా రాయండి. దీనికి డబ్బు ఖర్చేమీ కాదు, టీచర్లకి ఇది చెప్పేవాళ్లు లేరన్నదే నా బాధ.

మాటలు రాని పిల్లలు కావలసింది చూపించి అడగడానికి వాడే బొమ్మల కార్డుల గురించి భయం చాలా ఇళ్లలో ఉంది, వాటికి అలవాటు పడితే ఉన్న మాటలూ పోతాయేమోనని. మాటకి తోడుగా సైగలు, బొమ్మలు లాంటివి వాడినవాళ్ల మీద 2006లో వచ్చిన ఒక సమీక్షలో, గట్టి ఆధారాలున్న 27 మందిని పరిశీలిస్తే ఒక్కరికి కూడా మాట తగ్గలేదు, ఎక్కువమందికి పెరిగింది. మీ ఇంటి గ్లాసు, మీ బాత్రూమ్ తలుపు, పార్కులో ఉయ్యాల ఫోటోలు తీసి ప్రింట్ చేయించినా పని మొదలవుతుంది. కార్డు చూపించిన వెంటనే అడిగింది అందాలి, మీరు కూడా కార్డులతోనే మాట్లాడి చూపించాలి. చెన్నైలో తయారైన అవాజ్ లాంటి యాప్‌లు ఉన్నాయి, ముట్టుకున్న బొమ్మ పేరు అవి పైకి పలుకుతాయి.

ఎక్కడికి వెళ్లాలంటే, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో చిన్నపిల్లల సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు, జిల్లా ఆసుపత్రిలో అడగండి. ప్రత్యేక అవసరాలున్న బడి వయసు పిల్లలకి మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాటల సమస్యల కోసమే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వెళ్లేముందు ఇంట్లో బాబు ఆడుకుంటున్నప్పుడు, అన్నం తింటున్నప్పుడు, ఏదైనా కావాలని అడుగుతున్నప్పుడు ఫోన్‌లో చిన్న చిన్న వీడియోలు తీసి పెట్టుకోండి, కొత్త గదిలో చాలామంది పిల్లలు బిగుసుకుపోతారు, అప్పుడు థెరపిస్ట్‌కి ఆ వీడియోలే ఎక్కువ చెప్తాయి.