అరంగేట్రం కొండమీదే చెయ్యాలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

జూన్ వచ్చిందంటే డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఇదే ఫోను. "టీచర్ గారూ, మూడు వారాలు తిరుపతిలో ఉంటాం. కొండమీద పాప భరతనాట్యం అరంగేట్రం అయిపోతుందా?"

అవదు.

అపోహ: స్వామి సన్నిధిలో ఆడితే అరంగేట్రం అయినట్టే, లేకపోతే లెక్కలోకి రాదు.

వాస్తవం: రెండు వేర్వేరు సంగతుల్ని కలిపేస్తున్నారు. పూజ అంటే గజ్జెపూజ. కొత్త గజ్జెలకు పసుపు కుంకుమ పెట్టి, నటరాజు పాదాల దగ్గర ఉంచి, గురువు చేతుల మీదుగా అందుకుని, తాంబూలం దక్షిణ ఇచ్చి, కాళ్లకు కట్టుకుని నాలుగు 'అడవు'లు (నాట్యంలో మొదటి అడుగులు) వెయ్యడం. ఒక్క పూట పని, ఇంట్లో చేసినా చెల్లుతుంది. అరంగేట్రం అంటే రంగమెక్కడం. అలరింపు నుంచి తిల్లానా దాకా దాదాపు రెండు గంటలు, అందులో ప్రధాన అంశమైన వర్ణమే అరగంట దాటుతుంది. తిరుమల నాదనీరాజనం వేదిక భక్తి సంకీర్తనలకు. శృంగార గీతమైన జావళితో సహా మార్గమంతా (అరంగేట్రంలో ఆడే అంశాల వరుస) ఆడే చోటు కాదు. అక్కడ అవకాశం కావాలంటే టీటీడీకి నేరుగా అర్జీ పెట్టుకోండి. "స్లాట్ ఇప్పిస్తా" అనే మధ్యవర్తికి రూపాయి కూడా ఇవ్వొద్దు.

మీ తొందర తెలుసు. మరో ఏడాదికి పిల్ల కాలేజీకి వెళ్లిపోతుంది, తాతయ్య అమ్మమ్మ అంత దూరం ప్రయాణం చెయ్యలేరు. అలాంటప్పుడు గజ్జెపూజ వాళ్ల ఎదుట ఇక్కడ చేయించండి, అరంగేట్రం అక్కడి గురువు సరేనన్నాక అక్కడే పెట్టుకోండి.

డబ్బు పోతే పోయింది, మోకాళ్లు పోతే? విమానం దిగిన మూడోరోజే, నిద్ర తీరని పిల్లను బండల నేల మీద రోజుకు ఐదు గంటలు తట్టించడం చూస్తూనే ఉన్నాం. పాదాలు పక్కకు తిరిగినంత తుంటి తిరగకపోతే, అరమండిలో (మోకాళ్లు పక్కకు విప్పి సగం కూర్చునే భంగిమ) మోకాలు ముందుకు వాలి మెలిపడుతుంది. మోకాలు కాలివేళ్ల వైపే చూడాలి. పిల్ల సిద్ధంగా ఉందో లేదో తేల్చుకోవాలంటే వర్ణం ఆపకుండా ఆడించండి. చివరి తీర్మానం (జతుల వరుస) మూడో కాలంలో, అంటే అన్నిటికన్నా వేగంగా ఆడేటప్పుడు, అరమండి లేచిపోతోందంటే ఇంకా టైముంది. కార్డులు అచ్చు వేయించకండి.

"తెలుగువాళ్లం కదా, కూచిపూడే నేర్పించాలా?" ఏదైనా నేర్పించండి. భరతనాట్యంలో ఆడే క్షేత్రయ్య పదాలు తెలుగువే. కాకపోతే పిల్లకు తెలుగు అంతంతమాత్రమైతే, హస్తాలు (చేతి ముద్రలు) పట్టించే ముందు పదం అర్థం మాట మాటకీ చెప్పించండి. 'మువ్వగోపాల' (కృష్ణుడు) అన్న చోట వేణువు ఎందుకు పడుతోందో తెలియకపోతే ముఖంలో ఏమీ పలకదు.

"వేల ఏళ్లుగా ఇలాగే ఆడుతున్నారు" అన్నదీ నిజం కాదు. ఇప్పుడు ఆడే మార్గం వరుస 19వ శతాబ్దం మొదట్లో తంజావూరు సోదరులు అనే నలుగురు నాట్యాచార్యులు కట్టింది. వేదిక మీద నటరాజ విగ్రహం కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ కాలంలో స్థిరపడింది. ఈ నాట్యం ఆడిన దేవదాసీలుగా ఆడపిల్లల్ని గుళ్లకు అంకితమివ్వడాన్ని 1947లో మద్రాసు చట్టం నిషేధించింది. మన తిరుపతి ఉన్న అప్పటి చిత్తూరు జిల్లా మద్రాసు ప్రావిన్స్‌లోనే ఉండేది. అమెరికాలో పెరిగే పిల్లలు ఇదంతా చదివి "మరి మనం చేసే పూజ నిజమేనా?" అని అడుగుతారు. కసరకండి. దేవదాసీల పేరు మింగేసి నటరాజు కథతో సరిపెట్టకండి.

ఆన్‌లైన్ క్లాసులు దండగ అనేవాళ్లకు ఒక్కమాట: అభినయం బాగానే వస్తుంది, తాళమే ఇబ్బంది. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇక్కడ గురువు తాళం వేసే తట్టుకర్ర దెబ్బకీ అక్కడ అడుగుకీ పొంతన ఉండదు. తాళం రికార్డు అక్కడే పెట్టుకుని ఆడి, వీడియో పంపండి. కెమెరా మోకాలి ఎత్తులో, మూడు మీటర్ల దూరంలో పెట్టి, ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి తియ్యండి. ఎదురుగా తీసినదాంట్లో నడుం ముందుకు వంగింది కనపడదు.