గొర్రెల మంద కడితే మట్టి బాగుపడుతుందా? అపోహలు – వాస్తవాలు

పోయిన వారం ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఐటీ ఉద్యోగం వదిలేసి ఊళ్లో పొలం చూసుకుంటున్నాడట. "అన్నా, ఎకరాకి ఎన్ని గొర్రెల్ని తోలాలి?" అన్నాడు. "ఎన్ని రాత్రులకి?" అన్నాను. రాత్రుల లెక్క తను చూసిన వీడియోల్లో ఎవరూ చెప్పలేదట.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. ఎర్రనేల, వర్షాధారం. సొంతంగా నలభై గొర్రెలున్నాయి. కోతలయ్యాక బయటి మందని కూడా మాట్లాడుకుని, పెంటికల ఎరువు కోసం రాత్రిళ్లు పొలంలో ఆపించుకుంటాను. దీన్నే ఇప్పుడు 'పునరుజ్జీవన వ్యవసాయం' అంటున్నారు. మా తాత మంద కట్టడం అనేవాడు. పేరు మారినప్పుడు కొన్ని కొత్త అపోహలు వచ్చి చేరాయి, పాతవి ఎటూ ఉన్నాయి. నన్ను తరచూ అడిగేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గొర్రెలూ మేకలూ మేసిన చోట ఇక గడ్డి మొలవదు

గడ్డిని ఒకసారి కొరికితే చావదు. వేరులో దాచుకున్న బలంతో మళ్లీ ఆకు వేస్తుంది. ఆ లేత ఆకు తన తిండి తాను సంపాదించుకునే లోపే ఇంకోసారి కొరికితే వేరు చిక్కిపోతుంది. మూడోసారికి, నాలుగోసారికి ఆ దుబ్బు ఉండదు. ఊరి బంజరు బోడిగా ఉండేది ఇందుకే. అక్కడ మేసేవి పదే గొర్రెలు కావచ్చు, కానీ ఏడాది పొడుగునా ఒక్క రోజైనా ఆ నేలకి సెలవుండదు.

నాకున్న బీడుని ఎనిమిది ముక్కలు చేశాను. వానాకాలంలో ఒక్కో ముక్కలో నాలుగు రోజులు మేపి, వల పీకి పక్కదానికి జరుపుతాను. మొదటి ముక్కకి తిరిగి వచ్చేసరికి దానికి 28 రోజుల విశ్రాంతి దొరికి ఉంటుంది. ఎండాకాలం ఈ లెక్క చెల్లదు. గడ్డి పెరగనప్పుడు క్యాలెండర్ చూసి మందని తిప్పితే మళ్లీ బంజరు కథే. అప్పుడు వేరుశనగ కట్టె వేసి ఇంటి దగ్గరే ఉంచుతాను.

ఇలా తిప్పితే నట్టల (కడుపులో పురుగుల) బెడద కూడా తగ్గుతుంది. పెంటికల్లో పడిన నట్టల గుడ్లు వేడి, తడి ఉంటే వారం రోజుల్లోనే పిల్లలై గడ్డిపరకల మీదికి పాకుతాయి. ఆలోపే మంద అక్కడి నుంచి వెళ్లిపోతుంది. నెల తర్వాత తిరిగొచ్చేసరికి మా ఎండకి చాలామటుకు చచ్చి ఉంటాయి. పొద్దున్నే మంచు ఆరకుండా గొర్రెల్ని వదలొద్దని మా అవ్వ పోరు పెట్టేది. ఆ తడి పట్టుకునే నట్టల పిల్లలు పరక చివరికి ఎక్కుతాయని పశువుల డాక్టరు చెప్పేదాకా అది ఉత్త ఛాదస్తం అనుకున్నాను.

అపోహ: మంద ఎంత పెద్దదైతే పొలానికి అంత బలం

గొర్రె పడుకోవడానికి చదరపు మీటరు చాలు, కాస్త విశాలంగా అనుకుంటే రెండు. సెంటు అంటే 40 చదరపు మీటర్లు. అంటే 200 గొర్రెల మంద రాత్రికి కప్పేది ఐదు నుంచి పది సెంట్లే. రొప్పాన్ని, అంటే రాత్రి మందని ఆపే దడిని, రోజూ జరుపుకుంటూ పోతే ఎకరం పూర్తి కావడానికి పది నుంచి ఇరవై రాత్రులు పడుతుంది. గొర్రెకి రాత్రికి అరకిలో పెంటికలు వేసుకున్నా ఎకరాకి టన్ను నుంచి రెండు టన్నులు. మూత్రం అదనం, దాని బలం తక్కువేం కాదు.

రొప్పం జరపడానికి బద్ధకించి నాలుగు రోజులు ఒకేచోట ఉంచితే ఏమవుతుందో మా తూర్పు చేలో చూశాను. వేరుశనగ వేశాక చేను మధ్యలో గుండ్రంగా ముదురాకుపచ్చ మచ్చ ఒకటి తేలింది. దారిన పోయేవాళ్లంతా భలే పైరన్నారు. పీకి చూస్తే చెట్టు మోకాలెత్తు, కింద కాయలు నాలుగు. పెంట ఎక్కువైతే వేరుశనగ ఆకు పెడుతుంది గానీ ఊడ (పూత నుంచి నేలలోకి దిగి కాయయ్యే కాడ) దించదు.

ఇంకో మాట. పొద్దున రొప్పంలోకి అడుగుపెడితే కళ్లు మండే ఘాటు వస్తుంది. అది అమ్మోనియా, అంటే డబ్బిచ్చి ఆపించుకున్న నత్రజని గాల్లో కలిసిపోతోందన్నమాట. మంద లేచిన రోజే, లేదంటే మర్నాడు, పైపైన గుంటక (పైమట్టిని కదిపే పనిముట్టు) తోలి మట్టి కప్పాలి. వారం తర్వాత తోలితే మిగిలేది గడ్డిపీచే.

గొర్రె ఎరువులో నత్రజని 3 శాతం, పశువుల ఎరువులో అర శాతం అని వ్యవసాయ పుస్తకాల్లో ఉంటుంది. ఆరింతలు అని గంతులేయకండి. మన దిబ్బలోని పశువుల ఎరువులో సగానికి పైగా నీళ్లూ మన్నే. రెంటినీ ఎండబెట్టి చూస్తే తేడా అంత ఉండదు. గొర్రెపెంటే మెరుగనే మాట మాత్రం నిజం.

ఉచితంగా వచ్చే సరుకొకటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. సర్కారు తుమ్మ. ఎండాకాలంలో మందలు ఆ కాయలు తింటాయి. గింజ అరక్కుండా పెంటికతో పాటు మన చేలో పడుతుంది, తొలకరికి మొలుస్తుంది. నేల తడిగా ఉండగా, మొలక జానెడు దాటకముందే చేత్తో లాగేయాలి. ఆ ఏడాది వదిలేస్తే మరుసటేడు గడ్డపార కావాలి.

అపోహ: గిట్టలు తొక్కితే నేల దున్నినట్టు గుల్లవుతుంది

దీనికి సరిగ్గా ఎదురు అపోహ కూడా ఉంది: గిట్టలు తొక్కితే నేల బండ అవుతుందని. రెండూ నేల పదునును, అంటే తడిని బట్టి. ఎండిన ఎర్రనేల మీద వాన తర్వాత కట్టిన అట్టని గిట్టలు పగలగొడతాయి, పెంటికల్ని కొంచెం లోపలికి నొక్కుతాయి. అది మంచిదే. తడి నేల, అందులోనూ నల్లరేగడి అయితే, ఒక్క రాత్రికే అదిమి పెడుతుంది. ఒకసారి వానపడిన మర్నాడు మందని తోలమన్నాను. మందతో వచ్చిన కురుబ పెద్దాయన కర్ర మొనతో నేల గీకి చూసి, "నీ చేనికి గచ్చు చేయించుకుంటావా ఏమప్పా?" అని, గొర్రెల్ని రోడ్డు పక్క గట్టు మీదే పడుకోబెట్టాడు. ఆ రాత్రికి డబ్బులు తీసుకోలేదు కూడా.

అపోహ: ఒక్క ఏడాదిలో సేంద్రియ కర్బనం 0.3 నుంచి 1 శాతానికి పెంచొచ్చు

నాకు చిర్రెత్తించేది ఇది. భూసార పరీక్ష కాగితంలో సేంద్రియ కర్బనం (కుళ్లిన ఆకు, వేరు, పెంట నుంచి నేలలో చేరిన కర్బనం) 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.5–0.75 మధ్యస్థం, ఆపైన ఎక్కువ. మా ఎర్రనేలల్లో 0.3 కనిపించడం మామూలే. కారణం కూడా తెలిసిందే. వేరుశనగని వేరుతో సహా పీకి, కాయ కోసుకుని, కట్టె వాముకి చేరుస్తాం. నేలలో మిగిలేదేముంది?

లెక్క వేద్దాం. ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. అందులో 0.1 శాతం అంటే 900 కిలోల కర్బనం. ఎండు చెత్తలో కర్బనం బరువుకి 40 శాతం పైచిలుకు. మన వేడికి వేసినదాంట్లో ఎక్కువ భాగాన్ని సూక్ష్మజీవులు తిని గాల్లోకి వదిలేస్తాయి. ఏడాది తిరిగేసరికి నూటికి పదో పదిహేనో నిలిస్తే గొప్ప. అంటే 0.1 శాతం పెరగడానికే తక్కువలో తక్కువ పదిహేను టన్నుల ఎండు చెత్త కావాలి. 0.3 నుంచి 1కి ఏడాదిలో పోవాలంటే వంద టన్నుల పైమాటే. ఎకరాకి! ఎక్కడి నుంచి తెస్తాం?

మరి ఒక్క ఏడాదిలో పెరిగిందని చూపించే కాగితాలో? చాలాసార్లు అది మట్టి తీసిన తీరులోనే ఉంటుంది. పైన రాలిన పెంటికలు, ఆకు పక్కకు ఊడ్చేయకుండా గుప్పెడు తీసి పంపితే కర్బనం వస్తుంది మరి, పెంటిక అంటేనే కర్బనం. పైన శుభ్రం చేసి, 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీసి, దాని అంచు వెంబడి పైనుంచి కిందిదాకా పలుచని చెక్క గీయాలి. ఎకరాకి ఎనిమిది పది చోట్ల తీసి కలపాలి. ఏటా అదే నెలలో తీయాలి. మంద పడుకున్న చోటొకటి, పడుకోని చోటొకటి వేర్వేరు సంచుల్లో కట్టి పంపిస్తే ఇంకా మేలు.

నిలిచే కర్బనంలో ఎక్కువ వాటా వేరుది. పైన పరిచిన చెత్తకంటే లోపల కుళ్లిన వేరు ఎక్కువ కాలం ఉంటుంది. అందుకే నేలలో ఏడాదికి ఎన్ని నెలలు బతికున్న వేరు ఉందో చూసుకోమంటాను. మా దగ్గర ఒకప్పుడు నాలుగు నెలలు వేరుశనగ, ఎనిమిది నెలలు బీడు. ఇప్పుడు కంది సాళ్లు జనవరి దాకా ఉంటాయి, మేలో నవధాన్యాలు (రకరకాల విత్తనాల మిశ్రమం) చల్లుతాను.

అపోహ: నవధాన్యాలు పచ్చగా మొలిస్తే మందని వదిలేయొచ్చు

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో నవధాన్యాలు చల్లే పద్ధతికి మంచి పేరొచ్చింది. 2024లో ఆ కార్యక్రమానికి గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. జొన్న, సజ్జ, అలసంద, ఉలవ, పెసర, నువ్వు, ఆముదం లాంటి పాతిక ముప్పై రకాల విత్తనాలకి బంకమట్టి, బూడిద పట్టించి, తొలకరికి ముందే పొడి దుక్కిలో చల్లుతారు. ఏ అకాల వాన పడినా లేచి, నేలకి గొడుగు పడతాయి. నాకు రెండేళ్లు బాగా లేచింది. ఒక ఏడు చుక్క పడలేదు, విత్తనం పిట్టలపాలు.

బాగా లేచిన ఏడాదే దెబ్బ తిన్నాను. మోకాలెత్తు పైరు, నడుమ వాన తప్పి వాడు ముఖం పట్టింది. ఎటూ ఎండిపోతోంది కదా, గొర్రెలైనా తింటాయని వదిలాను. గంట గడవలేదు. ఒక పొట్టేలు నోరు తెరిచి రొప్పుతూ కూలబడింది, దాని వెనకే ఇంకొకటి. కనురెప్ప తిప్పి చూస్తే లోపల నెత్తురులా ఎర్రగా ఉంది. డాక్టరు వచ్చేలోపే రెండూ పోయాయి. మూడోదానికి సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ సూదులు పడ్డాయి, బతికింది.

జొన్న నాము అది. లేత జొన్న, వాడిన జొన్న, కోసిన మోడు నుంచి లేచిన పిలకల్లో సైనైడ్ విషం పోగవుతుంది. ఆ సంగతి తెలియక కాదు, పాతిక రకాల పచ్చదనంలో జొన్న ఉందన్నదే మరిచాను. ఇప్పుడు మందని దించే చేలో విత్తనాల మిశ్రమం నుంచి జొన్న తీసేస్తాను. జొన్న వేస్తే పూత కట్టేదాకా, అంటే సుమారు 50 రోజుల దాకా, గొర్రెని గట్టు దాటనివ్వను. ఆకలి మీదున్న మందని నేరుగా పచ్చి అలసందలోకి కూడా తోలను. కడుపుబ్బరం వస్తుంది. ముందు కాస్త ఎండు కట్టె వేసి, అప్పుడు దించుతాను.

అపోహ: ఒక్క ఆవుంటే 30 ఎకరాలకి ఎరువు దిగుల్లేదు

ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ గారి మాట ఇది. ఆవు పేడ, మూత్రం పులియబెట్టి చేసే ఆయన జీవామృతం నేనూ కలుపుతాను. కానీ అది ఎరువు కాదు, తోడు. పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల పప్పుపిండిలో ఉన్న నత్రజని మొత్తం కలిపినా పావుకిలో దాటదు. ఎకరం వరికి నలభై కిలోల దాకా కావాలి. తోడు వేస్తే పెరుగవుతుంది, నిజమే. గిన్నెలో పాలుండాలిగా. ఆ పాలు పెంట, పచ్చిరొట్ట, పప్పుజాతి పంటలు.

అపోహ: పశువుల్ని సరిగ్గా మేపితే భూతాపం తగ్గిపోతుంది

2013లో జింబాబ్వేకి చెందిన అలన్ సేవరీ టెడ్ వేదిక మీద ఇలాంటి మాటే చెప్పి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. 2017లో ఆక్స్‌ఫర్డ్‌లోని పరిశోధకులు లెక్క కడితే, బాగా మేపిన నేలలో చేరే కర్బనం మేసే పశువుల ఉద్గారాల్లో 20 నుంచి 60 శాతానికి మాత్రమే సరిపోతుందని తేలింది. అదీ కొన్ని దశాబ్దాలే, ఆ తర్వాత నేల నిండిపోతుంది. గొర్రె తేన్పులో వచ్చే మీథేన్ మాత్రం గొర్రె ఉన్నన్నాళ్లూ ఉంటుంది. కార్బన్ క్రెడిట్ల (నేలలో దాచిన కర్బనానికి డబ్బిచ్చే పథకాల) పేరుతో సంతకాలు అడిగేవాళ్లు వస్తే, మట్టి ఎవరు తీస్తారు, ఎంత లోతు తీస్తారు, ఎన్నేళ్లు కట్టుబడి ఉండాలి అని అడగండి. నేను మంద కట్టేది నా చేను కోసం.

అపోహ: నట్టల మందు ఎంత తరచుగా వేస్తే అంత మంచిది

ఐవర్‌మెక్టిన్ సూది వేశాక కొన్ని వారాల పాటు ఆ మందు పేడలో కలిసి బయటికొస్తుంది. పేడని ఉండలు చుట్టి నేలలోకి దించే పురుగులున్నాయే, వాటి పిల్లలు దానికి చస్తాయి. ముందు పెంటికలు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి పరీక్ష చేయించి, అవసరమైతేనే వేయించండి. బయటి మందని ఆపించుకునేటప్పుడు ఎప్పుడు ఏ మందు వేశారో కాపరిని అడగండి. నేను అడిగితే మొదట్లో నవ్వేవాళ్లు.

ఆ తమ్ముడికి దొరికింది 150 గొర్రెల మంద. రెండు చదరపు మీటర్ల లెక్కన రాత్రికి ఏడున్నర సెంట్లు, ఎకరాకి పద్నాలుగు రాత్రులు. శనివారం రొప్పం దిగుతోంది. గుంటక ఇంకా దొరకలేదట, పక్కూరి నుంచి మాట్లాడుతున్నాం.