‘లివాయ్‌వాయ్’ వారపత్రిక: ఒక పాత అభియోగం వెనుక కథ

ఫిలిప్పీన్స్ భాషల్లో ఒకటైన తగలోగ్ సాహిత్య చరిత్రలో ‘లివాయ్‌వాయ్’ వారపత్రిక ప్రస్తావన వస్తే, కథను అమ్ముడుపోయే సరుకుగా మార్చిందన్న అభియోగం కూడా వెన్నంటే వస్తుంది. అభియోగంలో నిజం లేకపోలేదు కానీ, పత్రిక పుట్టుపూర్వోత్తరాలు చూడకుండా దాన్ని అంగీకరించడం తొందరపాటే అవుతుంది.

1922లో మనీలాలో రామోన్ రోసెస్ మొదట తగలోగ్, స్పానిష్, ఇంగ్లీషు మూడూ కలగలిసిన ‘ఫోటో న్యూస్’ను నడిపారు. అది నిలదొక్కుకోకపోవడంతో, అదే ఏడాది నవంబరులో కేవలం తగలోగ్‌లో లివాయ్‌వాయ్‌ను ప్రారంభించారు. అమెరికా పాలనలో బడి చదువంతా ఇంగ్లీషులో సాగుతున్న కాలంలో ఇది సాహసమే, అయితే లెక్క చూసుకుని చేసిన సాహసం. సంగీత నాటకాలతో అప్పటికే పేరుపొందిన సెవెరినో రేయెస్ సంపాదకత్వం వహించారు. మనవలకు కథలు చెప్పే ‘లోలా బస్యంగ్’ అనే అవ్వ పేరుతో 1925 నుంచి ఆయన రాసిన కథలు పత్రికను ఇంటింటికీ చేర్చాయి. 1929లో మొదలైన ‘కెన్‌కోయ్’ బొమ్మల కథ ఆ దేశపు కామిక్స్‌కు బాట వేసింది.

జపాన్ ఆక్రమణ కాలంలో పత్రిక సైనిక సెన్సారు కిందికి వెళ్లింది. విచిత్రమేమిటంటే, ఇంగ్లీషును వెనక్కి నెట్టి తగలోగ్‌ను ప్రోత్సహించాలన్న ఆక్రమణదారుల విధానం వల్ల, అంతవరకు ఇంగ్లీషులోనే రాస్తున్న ఎన్.వి.ఎం. గొంజాలెజ్ వంటివారు తగలోగ్ కథ వైపు తిరిగారు. 1943 నాటి ఉత్తమ కథల ఎంపికలో ఆయనతోపాటు నార్సిసో రేయెస్, పత్రిక పేరే తన పేరైన రచయిత్రి లివాయ్‌వాయ్ ఆర్సియో కథలు అగ్రస్థానాల్లో నిలిచాయి.

యుద్ధం తర్వాత ధారావాహికలు పత్రికకు ప్రాణమయ్యాయి. వారం వారం పాఠకుణ్ణి నిలుపుకోవలసిన రచయిత ఉత్కంఠకు, ప్రేమకథలకు మొగ్గు చూపడం సహజమే. అభియోగం గట్టిపడింది కూడా ఇక్కడే. 1964లో యువ రచయితలు కొందరు తెచ్చిన ‘మ్గా ఆగోస్ సా దిస్యెర్తో’ (ఎడారిలో ప్రవాహాలు) అనే కథాసంకలనం, పేరులోనే నాటి తగలోగ్ కథారంగాన్ని ఎడారిగా చూపింది. ఆ యువ రచయితల్లో ఒకరైన ఎడ్గార్డో ఎం. రేయెస్, పల్లె నుంచి మనీలా చేరిన యువకుడి దుర్గతిని చిత్రించిన తన నవలను మాత్రం 1966-67లో లివాయ్‌వాయ్‌లోనే ధారావాహికగా ప్రచురించారు. 1975లో దర్శకుడు లినో బ్రోకా సినిమాగా తీసింది ఆ నవలనే.